చూసేశాం

ఆదివారం పొద్దున గదికి చేరగానే అమ్మకు ఫోన్ చేశాను. “పారిస్ చూసేశామమ్మా” అన్నాను. “ఏం చూశావు నాన్నా?” అంది. ఈఫిల్ టవర్, లూవ్ర్, నోత్రదామ్, షాంజెలీజె, లక్సెంబర్గ్ తోట... వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాను. అంతా విని, “పేర్లు కాదురా. నువ్వేం చూశావు?” అంది.

నిద్రలేని కళ్లు మండుతున్నాయి. మళ్లీ చేస్తానని పెట్టేశాను.

అది 2023 మే నెల. జర్మనీలో ఆఖెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. బెల్జియం సరిహద్దుకు దగ్గరి ఊరు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి పారిస్‌లో దిగొచ్చు. నలుగురం బయల్దేరాం. నేను, గుంటూరు వాడు, ఖమ్మం వాడు, హైదరాబాద్ వాడు. హోటల్ ఖర్చు మిగలాలంటే రాత్రి వెళ్లి మర్నాడు రాత్రే తిరుగు బస్సెక్కాలి. మధ్యలో చేతికొచ్చేది పదిహేడు గంటలు. హైదరాబాద్ వాడు ఎక్సెల్ షీటు తయారుచేశాడు. పద్నాలుగు వరసలు, ఒక్కోదాని ఎదురుగా కేటాయించిన నిమిషాలు. చల్లారినా రుచి చెడదని రెండు డబ్బాల నిండా పులిహోర కట్టుకున్నాం.

షీటులో మొదటి వరస ఈఫిల్ టవర్, ఎనభై నిమిషాలు. లిఫ్టు కంటే మెట్ల టికెట్టు చవక కాబట్టి రెండో అంతస్తు దాకా 674 మెట్లూ ఎక్కాం. ఫ్రెంచి విప్లవానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 1889లో జరిగిన ప్రదర్శన కోసం కట్టిన టవర్ అది. కట్టడం మొదలైనప్పుడు, 1887లో, పారిస్ రచయితలూ కళాకారులూ కొందరు ఊరి అందం పాడవుతుందని పత్రికాముఖంగా నిరసన తెలిపారు. సంతకం చేసినవాళ్లలో మొపాసా కూడా ఉన్నాడు. టవర్‌కు ఇచ్చిన గడువు ఇరవై ఏళ్లే. వైర్‌లెస్ సంకేతాలకు పనికొస్తుందని తేలాక విప్పే ఆలోచన మానుకున్నారు. పారిస్ వాళ్లకే ఆ ఇనుప గోపురం కంటికి ఆనడానికి ఏళ్లు పట్టింది. మేం ఎనభై నిమిషాలకు రెండు నిమిషాలు మిగిల్చి దిగాం. హైదరాబాద్ వాడు టిక్కు కొట్టి, “బిందాస్! టైమ్ మీదున్నాం మామా” అన్నాడు.

మధ్యాహ్నం లూవ్ర్. ఐరోపా సమాఖ్య దేశాల్లో నివాసముంటున్న ఇరవై ఆరేళ్లలోపు వాళ్లకు ప్రవేశం ఉచితం. రెసిడెన్స్ పర్మిట్ కార్డు చూపిస్తే చాలు. ఆ కార్డు కోసం ఎన్ని పొద్దులు ఆఫీసు వరండాలో నిలబడ్డామో తలచుకుని, దాన్ని అంత గర్వంగా జేబులోంచి తీయడం అదే మొదటిసారి. లోపల పరుగు. అందరూ ఏ వైపు పోతుంటే అటే మోనాలిసా.

అక్కడి క్యూ చూస్తే తిరుమల గుర్తురాని తెలుగువాడు ఉండడు. అద్దం వెనక 77 సెంటీమీటర్ల ఎత్తున్న చిన్న పలక. ముందు వరుసకు చేరగానే సిబ్బంది చేయి ఊపుతారు, జరగండని. అది మహాలఘు దర్శనమే. ఒక్క తేడా తోచింది. కొండ మీద గంటలకొద్దీ నిలబడి స్వామి ఎదుటికి చేరిన మనిషి, చాలాసార్లు ఆ క్షణాన కళ్లు మూసుకుంటాడు. చూడటానికి వచ్చి కళ్లు మూసుకోవడం ఏమిటంటే, అక్కడ తను చూడటం కంటే స్వామి తనను చూడటం ముఖ్యం. లూవ్ర్‌లో ముందు వరుసకు చేరిన మనిషి వీపు తిప్పుతాడు. మేమూ తిప్పాం. నలుగురం ఇరుక్కుని, ఫోను పైకెత్తి, వెనక మోనాలిసా పడేలా సెల్ఫీ తీసుకున్నాం. మొత్తం ముప్పై సెకన్లు పట్టిందేమో.

లియొనార్డో ఆ బొమ్మను 1503 ప్రాంతంలో మొదలుపెట్టాడు. వేయించుకున్నవాళ్లకు ఇవ్వలేదు. ముసలితనంలో ఫ్రాన్స్ రాజు పిలిస్తే వెళ్తూ వెంట తీసుకెళ్లాడు. 1519లో అక్కడే పోయాడు. గీసినవాడికి ఏళ్ల తరబడి చూసినా తనివి తీరని బొమ్మను మేం చూసేశాం.

ఈ ‘ఏశాం’ మీదే నా ఆలోచనంతా. తినేశాం, కడిగేశాం, రాసేశాం. ఈ మాటల్లో దాగి ఉన్నది ‘వేయు’. ఒక పని పూర్తిచేసి పక్కన పడేయడం. చూసేయడమంటే చూసి పడేయడం. పద్నాలుగు వరసల షీటుకు ఇంతకంటే సరైన క్రియాపదం లేదు.

లూవ్ర్ నుంచి బయటపడి నది దాటుతుండగా గుంటూరు వాడి బూటు అడుగు ఊడింది. ముందు టప్ టప్ మని చప్పుడు, తర్వాత సగానికి సగం వేలాడింది. షీటు ప్రకారం నోత్రదామ్‌కు ఇరవై నిమిషాల నడక. వాడు నడవలేడు. కాసేపు వాదులాడుకున్నాక మిగతా ఇద్దరూ షీటు పట్టుకుని ముందుకెళ్లారు. నేను వాడితో పాటు సేన్ నది గట్టు మీద రాతి గోడకు ఆనుకుని కూలబడ్డాను. పులిహోర అడుగున మిగిలిన మెతుకులు, పల్లీలు ఏరుకుని తిన్నాం. చేయడానికి ఇంకేమీ లేదు.

నదికి రెండు వైపులా గోడ మీద ముదురాకుపచ్చ పెట్టెలు బిగించి ఉంటాయి. పాత పుస్తకాల అంగళ్లు. మొత్తం కలిపితే మూడు కిలోమీటర్ల పైనే. మా పక్కనే ఒక పెద్దాయన అంగడి. డెబ్బై ఏళ్లుంటాయేమో. సన్నగా తుంపర మొదలైంది. ఆయన హడావిడి పడలేదు. బయట వేలాడదీసిన పటాలను ఒక్కొక్కటే దించి లోపల పెట్టాడు. మూతకు ఆసరాగా ఉన్న ఊచ తప్పించి, మూతను రెండు చేతులతో మెల్లగా దించాడు. తర్వాత రెండో పెట్టె, మూడో పెట్టె. నాలుగోది మూసేసరికి తుంపర ఆగిపోయింది. ఆయన ఆకాశం వైపు చూసి, మొదటి పెట్టె మూత మళ్లీ ఎత్తాడు. జేబులోంచి గుడ్డ తీసి పుస్తకాల మీది ప్లాస్టిక్ కవర్లను ఒక్కోదాన్నే తుడిచాడు. ఒక పుస్తకం మూల నలిగినట్టుంది, బొటనవేలితో రెండుసార్లు నిమిరి సరిచేశాడు. అంతసేపూ కొనేవాళ్లు ఒక్కరూ రాలేదు.

గుంటూరు వాడి పాదం ఆయన కంట పడింది. ఏమీ అడగలేదు. పుస్తకాల కట్టలకు వాడే పురికొస కొంత తెంపి ఇచ్చాడు. బూటుకు అడ్డంగా రెండు చుట్లు చుట్టి ముడివేశాం. వాడు నిలబడి రెండడుగులు వేసి చూపిస్తే ఆయన తలూపి, మళ్లీ తుడవడంలో పడ్డాడు.

అమ్మ ప్రశ్నకు జవాబు ఇదేనని నాకు తట్టడానికి చాలా రోజులు పట్టింది. మన భాషలో చూడటం ఒక్క కంటి పని కాదు. రుచి చూస్తాం, వాసన చూస్తాం, జ్వరమొస్తే చెయ్యి చూస్తాం. అడిగి చూస్తాం, ఆగి చూస్తాం. వీటన్నిటికీ పైన ఇంకో మాట ఉంది, చూసుకోవడం. పిల్లల్ని చూసుకుంటాం, ముసలివాళ్లను చూసుకుంటాం, అంగడి చూసుకుంటాం. అందులో ఉన్నది ‘కొను’. పడేయడం కాదు, తీసుకోవడం. చూసిన దాన్ని మన మీద వేసుకోవడం. ఆ పెద్దాయన పుస్తకాల్ని చూసుకుంటున్నాడు. ఆ గంటసేపు మేం ఆయన్ని చూశాం. పదిహేడు గంటల్లో మేం నిజంగా చూసింది అది.

మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్. ప్రారంభోత్సవం నది మీదే కాబట్టి భద్రత కోసం ఆ పెట్టెల్లో చాలావాటిని తీసేయాలన్నారు. అంగళ్లవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ఆ వార్త చదివినప్పుడు పెట్టెలన్నీ కాదు, ఆ నాలుగు పెట్టెలే కళ్ల ముందు మెదిలాయి. షాంజెలీజె గురించి ఏ వార్త వచ్చినా నాకేమీ అనిపించదు. అక్కడ నేను టిక్కు కొట్టాను, అంతే.

జార్జ్ పెరెక్ అనే ఫ్రెంచి రచయిత 1974 అక్టోబరులో మూడు రోజుల పాటు పారిస్‌లోని సాన్ సుల్పీస్ కూడలిలో కూర్చున్నాడు. వచ్చీపోయే బస్సులు, పావురాలు, గొడుగులు, మనుషులు, ఏది కనిపిస్తే అది రాసుకున్నాడు. అది చిన్న పుస్తకమైంది. ఒక చోటును పూర్తిగా రాసేయడానికి చేసిన ప్రయత్నం అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. ప్రయత్నమే అన్నాడు, పూర్తయిందనలేదు. ఈ సంగతి తర్వాతెప్పుడో యూనివర్సిటీ లైబ్రరీలో చదివి, మ్యాపు తీసి చూశాను. ఉదయం లక్సెంబర్గ్ తోటకు వెళ్తూ మేం ఆ కూడలి అడ్డంగానే నడిచాం. షీటులో దానికి వరస లేదు.

ఇదంతా విని, హడావిడి యాత్రలు తప్పంటున్నానని అనుకోకండి. మూడు రోజులు ఒక కూడలిలో కూర్చోవాలంటే మూడు రాత్రులు పడుకోవడానికి చోటుండాలి. సోమవారం పొద్దున ల్యాబ్, సాయంత్రం పార్ట్‌టైమ్, నెలాఖరుకు బ్యాంకులో ఎంత మిగులుతుందో ముందే తెలిసిన లెక్క. మళ్లీ వస్తామో రామో తెలియని వాడు ఒక్కరోజులో అంతా చూసేయాలనుకోవడంలో ఆశ ఉంది, అత్యాశ లేదు. మా నాన్న ఈఫిల్ టవర్‌ను సినిమా పాటల్లోనే చూశాడు. నేను పంపిన ఫోటోను ఫోను వాల్‌పేపర్‌గా పెట్టుకుని పొలం గట్టు మీద నలుగురికీ చూపించాడు. ఆయనకు ఆ ఆనందం దొరికింది ఆ హడావిడి వల్లే. కాబట్టి షీటు ఉండాల్సిందే. షీటులో పట్టనిది కూడా ఊరేనని గుర్తుంటే చాలు. మాకు ఆ గుర్తు రావడానికి బూటు ఊడాల్సి వచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. మోనాలిసా ముందు తీసుకున్న ఆ సెల్ఫీని ఈమధ్య మళ్లీ చూశాను. మేం వీపు తిప్పి నిలబడ్డాం కదా, మరి మా మొహాలు దేని వైపు ఉన్నాయి? అదే గదిలో ఎదుటి గోడకు చిత్రకారుడు వెరొనేసె 1563లో పూర్తిచేసిన బైబిలు కథలోని పెళ్లి విందు బొమ్మ ఉంది. వెనిస్‌లో సన్యాసుల భోజనశాల కోసం గీసింది, 1797లో నెపోలియన్ సైన్యం పట్టుకొచ్చింది. ఆరున్నర మీటర్లకు పైగా ఎత్తు, దాదాపు పది మీటర్ల వెడల్పు. లూవ్ర్‌లో అంతకంటే పెద్ద బొమ్మ లేదు. నూరు మందికి పైగా అతిథులు, మధ్యలో ఏసు, ముందు వాద్యగాళ్లు, కుక్కలు, ఒక పక్క కూజా వంచి ద్రాక్షారసం పోస్తున్న పనివాడు. నలుగురం సరిగ్గా దానికి ఎదురుగా నిలబడి, కళ్లు ఫోనులో పెట్టి నవ్వాం.

మీరెప్పుడైనా ఆ గదికి వెళ్తే మీ సెల్ఫీ మీరూ తీసుకోండి. తర్వాత ఫోను జేబులో పెట్టి, అక్కడే నిలబడి తలెత్తండి. పది మీటర్ల బంతి సాగుతూ ఉంటుంది. అటు వైపు తోపులాట ఉండదు.