సమదర్శనము, టెండరు పెట్టె

గజము మొదలుకొని శునకము వరకు సర్వప్రాణులయందును పండితుడు సమమైనదానినే దర్శించునని భగవద్గీత పంచమాధ్యాయము చెప్పుచున్నది. ఆ అధ్యాయమును నిత్యము పారాయణము చేయు గృహస్థుడు సైతము ఏనుగునకును కుక్కకును ఒకే కొలతతో కూడు పెట్టబోడు. దర్శనము సమమైనను పోషణ సమము కానక్కరలేదని మనవారెరుగుదురు. రాజ్యము కొనుగోలుదారయి బజారునకు వచ్చినప్పుడు మాత్రము ఈ వివేకము మరుగున పడును. టెండరు పెట్టె తెరచి, అందరికంటె తక్కువ ధర వేసినవానికి పని యిచ్చి, వేసినవాడెవడో అడుగకుండుటయే నిష్పాక్షికతయని మనము తృప్తి చెందుచున్నాము.

ధర యనునది కాగితముమీద అప్పటికప్పుడు పుట్టిన అంకె కాదు. తాతలనాటి మేడను బ్యాంకులో కుదువబెట్టి చౌకగా అప్పు తెచ్చుకొనువాని ధరలో ఆ మేడ యున్నది. తన పేర సెంటు భూమియైన లేక మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకొను స్త్రీ ధరలో ఆ లేమి యున్నది. దానిపై ధరావతు కట్టవలెను. ఇంతకుముందు ఇట్టి పనియే చేసినట్లు పత్రము చూపవలెను. పని చేసినవారికే పని యిత్తుమన్నచో తొలి పని యెవరిచ్చెదరో యే నిబంధనయు చెప్పదు.

ఈ ప్రశ్నను అమెరికాలో రిచ్మండు నగరము చాల సూటిగా ఎదుర్కొనినది. అంతర్యుద్ధమున బానిసత్వమును నిలుపుకొనుటకై పోరాడిన దక్షిణ రాష్ట్రముల కూటమికి రాజధానిగా నుండిన ఆ నగరమున, 1983 నాటికి జనాభాలో సగము నల్లవారే యైనను, గడచిన అయిదేండ్లలో నగరపాలనము ఇచ్చిన ప్రధాన నిర్మాణ కంట్రాక్టులలో అల్పసంఖ్యాక వర్గముల సంస్థలకు దక్కినది నూటికి 0.67 వంతు. అందుచే ప్రధాన కంట్రాక్టరులు పని విలువలో కనీసము నూటికి 30 వంతులు అట్టి సంస్థలకు ఉపకంట్రాక్టుగా నీయవలెనని నగరసభ శాసించెను. నగరపు జైలులో మరుగుదొడ్ల సామగ్రి అమర్చు పని కోరిన క్రోసన్ కంపెనీ ఈ నిబంధనపై న్యాయస్థానమున కెక్కినది. ఇంతటి ధర్మమీమాంసకు చెరసాల మరుగుదొడ్డి నిమిత్తమగుట చిత్రమే! 1989లో సుప్రీముకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో ఆ శాసనమును కొట్టివేసినది. సమాజమున పూర్వము అన్యాయము జరిగెనన్న సామాన్యవాక్యము చాలదనియు, ఈ నగరమున ఈ వృత్తిలో వివక్ష జరిగినట్లు రుజువు కావలెననియు ఓకానర్ న్యాయమూర్తి వ్రాసిరి. ఎస్కిమోలను, అల్యూటులను సైతము లబ్ధిదారుల పట్టికలో చేర్చిన నగరసభను ఆమె ఎత్తిపొడిచిన మాట సముచితమే; ఋణము తీర్చువాడు ఋణదాత యెవరో తెలిసి తీర్చవలెను. అయినను నా మనస్సు భిన్నాభిప్రాయము వ్రాసిన థర్గుడ్ మార్షల్ వైపే మొగ్గును. ద్వారము దాకనే రానివారికి త్రోసివేయబడిన సాక్ష్యమెక్కడిది? వేయని టెండరు తిరస్కృతుల దస్త్రమున కానరాదు గదా.

మన దేశమున 2012 నాటి ఉత్తర్వు మరియొక త్రోవ త్రొక్కినది. కేంద్రప్రభుత్వ శాఖలును సంస్థలును ఏటేట చేయు కొనుగోళ్లలో నూటికి 25 వంతులు (మొదట 20) సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండి తీసికొనవలెను. అందు 4 వంతులు షెడ్యూల్డు కులములు, తెగల యజమానులకును, 3 వంతులు స్త్రీలకును కేటాయింపబడినవి. టెండరు పత్రములు ఉచితము, ధరావతు లేదు. నాకు మిక్కిలి నచ్చిన అంశము వేరొకటి కలదు: చిన్న సంస్థ వేసిన ధర కనిష్ఠధరకంటె నూటికి 15 వంతులలోపు హెచ్చుగా నున్నచో, ఆ కనిష్ఠధరకే దిగివచ్చి సరకులో కొంత భాగము సరఫరా చేయుటకు అవకాశమిత్తురు. అనగా ఖజానా ఒక్క కాసైన హెచ్చుగా చెల్లించుట లేదు. ఇది దానము కాదు, గుమ్మమును వెడల్పు చేయుట. దానము పుచ్చుకొన్నవానికి గల సంకోచము ఇచట నుండనవసరము లేదు.

భార్య పేర సంస్థ పెట్టి భర్త చక్రము త్రిప్పు కపటమును గూర్చి అందరును చెప్పుదురు; అది లేదనను. అంతకంటె నన్ను బాధించునది బిల్లు. చిన్న సంస్థకు చెల్లింపు 45 దినములు మించరాదనియు, మించినచో బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ చెల్లవలెననియు 2006 నాటి చట్టము పలుకుచున్నది. పెద్ద కంట్రాక్టరు ఆరు మాసములు తాళగలడు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆ స్త్రీ ఆ చక్రవడ్డీని అడుగవచ్చును. కాని వచ్చే యేటి ఆర్డరుపై సంతకము చేయవలసినది బిల్లు నాపిన ఆ అధికారియే యగుటచే, ఆమె అర్జీ వ్రాయక, రెండు పూటలును కార్యాలయపు బల్లపై కూర్చుండి తిరిగి వచ్చుచున్నది.