తేనె అసలుదేనా?

కొన్నవాడు "ఇది నకిలీ" అన్నప్పుడు అమ్మినవాడు ఏం చెయ్యాలి? చూడడానికి ఇది వ్యాపారస్తులకు సంబంధించిన ప్రశ్న. కాస్త లోతుకు వెళితే మాత్రం ఇది సత్యం గురించి, న్యాయం గురించి మానవుడు ఎప్పటినుంచో వేసుకుంటున్న ప్రశ్నే. ఈ వారం దాని గురించి కాసేపు ఆలోచిద్దాం.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. ఖమ్మం దాటి కొత్తగూడెం మీదుగా భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్ళేకొద్దీ అడవి దగ్గరవుతుంది. ఆ అడవిని నమ్ముకున్న కోయ కుటుంబాలు ఇప్పపువ్వు, చింతపండు, కుంకుడుకాయలు, తపసి జిగురు, తేనె సేకరించి అమ్ముకుంటాయి. ఈ సరుకులు కొనడానికి 1956లోనే గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం తేనెతో సహా చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై అడవి బిడ్డలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రైఫెడ్ గిరిజనుల సరుకుల కోసం ఆన్‌లైన్ అంగడి తెరిచింది. ఇప్పుడు సెల్‌ఫోను ఉన్న ఏ మహిళా సంఘమైనా, చదువుకున్న ఏ యువకుడైనా సీసా ఫొటో పెట్టి దేశమంతటికీ తేనె అమ్మవచ్చు. ఇది మంచి మార్పే. అయితే సంతలో అమ్మినప్పుడు లేని ఒక చిక్కు దీనితోపాటే వచ్చింది. సంతలో కొనేవాడు వేలితో రుచి చూసి, అమ్మే మనిషి ముఖం చూసి కొంటాడు. ఆన్‌లైన్‌లో ముఖమూ లేదు, రుచీ లేదు. సీసా మీద రాసిన మాట ఒక్కటే ఉంది.

ఒక మహిళా సంఘం "భద్రాచలం అడవి తేనె" అని కాగితం అంటించి అమ్ముతున్నదనుకుందాం. హైదరాబాదులో ఒక ఇల్లాలు కొన్నది. చలికాలం వచ్చేసరికి సీసా అడుగున తెల్లగా పలుకులు కట్టింది. "చక్కెర పాకం పోసి తేనె అంటారా? నా డబ్బు నాకు పంపండి" అని రాసి, అయిదింటికి ఒక్క నక్షత్రం ఇచ్చింది. ఆ మాట చదివిన సంఘం సభ్యులకు ఒళ్ళు మండుతుంది. చెట్టెక్కినవాడి కష్టం, ఈగల కాట్లు, పొగ అన్నీ వాళ్ళకు తెలుసు. అంత కష్టపడి తెచ్చినదాన్ని నకిలీ అంటే ఎవరికి మాత్రం బాధ కలగదు?

నిజానికి ఆ ఇల్లాలి అనుమానానికి పలుకులు ఆధారం కావు. తేనెలో గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలు ముఖ్యమైనవి. గ్లూకోజు నీటిలో తక్కువగా కరుగుతుంది కనుక చల్లబడినప్పుడు పలుకు కడుతుంది. ఏ పూల తేనెలో గ్లూకోజు ఎక్కువ ఉంటే అది త్వరగా పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళలో సీసాను ఉంచితే మళ్ళీ కరుగుతుంది. రంగు సంగతీ అంతే. ఏ చెట్లు పూసిన కాలంలో తీశారన్నదాన్నిబట్టి ఒక సీసా లేత పసుపుగా, మరొకటి ముదురు గోధుమ రంగుగా ఉంటుంది. తేమ ఎక్కువున్న తేనె నురగ వచ్చి పులుస్తుంది కూడా. నీళ్ళలో వేస్తే అడుక్కి దిగుతుందా, అగ్గిపుల్ల మండుతుందా, చీమలు పడతాయా అంటూ ఇళ్ళలో చేసే పరీక్షలేవీ కల్తీని నమ్మకంగా పట్టుకోలేవు.

ఇక్కడ ఒక వింత గమనించండి. ఏడాది పొడవునా ఒకే రంగు, ఒకే చిక్కదనం, ఒకే రుచి ఉండి, ఎన్నడూ పేరుకోకుండా కొన్నవాడిని మెప్పించగలిగేది తయారుచేసిన పాకమే. 2020 డిసెంబరులో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్ష చేయించింది. అన్ని పరీక్షల్లోనూ నిలిచినవి మూడే. చెరకు, మొక్కజొన్న చక్కెరలను పట్టే పాత పరీక్షలకు దొరకకుండా ఉండేలా తయారైన పాకాలు వాడుతున్నారని ఆ సంస్థ చెప్పింది. ఆ బ్రాండ్లలో కొన్ని ఈ ఆరోపణను ఖండించాయి. ఆ వివాదంలో తీర్పు చెప్పడం మన పని కాదు. మనకు కావలసిన పాఠం ఒక్కటే: ఫిర్యాదు రాకపోవడం సరుకు అసలుదని చెప్పే సాక్ష్యం కాదు. ఒక్కొక్కసారి అసలైన సరుకుకే ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి.

అందుకే నిజాయితీగల అమ్మకందారుకు మొదటి శోధన ఇక్కడే ఎదురవుతుంది. తేనెను బాగా కాచి, సన్నగా వడకడితే చాలాకాలం పేరుకోదు, ఫిర్యాదులూ తగ్గుతాయి. కాని ఆ కాచడంతోనే దాని సువాసన, సహజగుణం పాడవుతాయి. అంటే అసలుదిలా కనబడడం కోసం అసలుదనాన్ని తగ్గించుకున్నట్టు. సరుకులోనే కాదు, మనుషుల జీవితాల్లోనూ ఈ పని ఎంత జరుగుతున్నదో పాఠకులే ఆలోచించండి.

ఇంతవరకు అమ్మినవాడి పక్షాన మాట్లాడాను. ఇప్పుడు రెండో వైపు చూడాలి. "మేము కల్తీ చెయ్యలేదు" అని సంఘం అంటున్నది. అది నిజమే అనుకుందాం. కాని "మేము కలపలేదు" అన్న మాటా, "ఇందులో ఏమీ కలవలేదు" అన్న మాటా ఒకటేనా? మొదటిది నా మనస్సు గురించిన మాట. రెండోది సీసా గురించిన మాట. తేనె తీసినవాడికీ సీసాకెత్తినవాడికీ మధ్య ఒక మారుబేరగాడు ఉంటే, అతని డబ్బాలో ఏం జరిగిందో సంఘానికి ఎలా తెలుసు? నా ఉద్దేశం మంచిదైనంత మాత్రాన నా సరుకు మంచిదైపోదు. సత్యమంటే మన బుద్ధి వస్తువుతో సరిపోలడం అని సెమినరీలో మొదటి ఏడాది పాఠంగా చెబుతారు. అమ్మేవాడు తన మాట సరిపోలిందో లేదో చూడవలసినది సీసాతోనే. తన మంచితనంతో సరిపోల్చుకుంటే చాలదు.

ఆ కాగితం మీది "భద్రాచలం అడవి తేనె" అన్న మూడు మాటలను విడదీసి చూడండి. అవి మూడు వాగ్దానాలు. తేనె అన్నది ఒకటి. పెట్టెల్లో పెంచిన ఈగలది కాక అడవిలో పట్టిన పెర నుంచి తీసినది అన్నది రెండోది. ఈ ప్రాంతానిదే అన్నది మూడోది. పెట్టె తేనె కూడా అసలైన తేనే. కాని దాన్ని అడవి తేనె అంటే అబద్ధం. గోదావరి అవతల, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తీసినది కూడా అడవి తేనే. దాన్ని ఈ ఊరి పేరుతో అమ్మితే అదీ పొరపాటే. ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ మూడింటిలో ఏ మాట గురించి అడుగుతున్నారో తెలుసుకొని, ఆ మాటకు జవాబు చెప్పాలి.

పదమూడో శతాబ్దంలో పునీత తోమా అక్వినాసు క్రయవిక్రయాల్లో మోసం గురించి తన గొప్ప వేదాంత గ్రంథంలో ప్రత్యేకంగా రాశాడు. సరుకులో లోపం మూడు విధాలన్నాడు: వస్తువే వేరు కావడం, కొలత తగ్గడం, నాణ్యం తగ్గడం. తెలిసి అమ్మితే అది పాపం. తెలియక అమ్మితే పాపం లేదు. కాని లోపం తెలిసిన క్షణం నుంచి కొన్నవాడి నష్టం తీర్చే బాధ్యత అమ్మినవాడిదే. ఈ న్యాయాన్ని ఆయన కొనేవాడికీ వర్తింపజేశాడు. అమ్మేవాడు తెలియక బంగారాన్ని ఇత్తడి ధరకు ఇస్తే, కొన్నవాడు అది ఉంచుకోరాదు. తప్పు లేకపోయినా బాకీ ఉండవచ్చునన్నది ఇందులోని సూక్ష్మం. "నా తప్పేముంది?" అని వాదించేవాడికి ఆ సంగతి కనబడదు.

నేటి చట్టం కూడా దాదాపు ఇదే చెబుతున్నది. 2020 జూలైలో వచ్చిన ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన గుణాలు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనరాదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. తానే కొన్నవాడిలా నటించి తన సరుకును పొగుడుతూ రాసుకోకూడదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద కొన్నవాడు రుసుము కట్టి ఆహార పదార్థాన్ని పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు నిబంధనలకు తగినట్టు లేదని తేలితే ఆ రుసుము అతనికి తిరిగి వస్తుంది.

మన రైతులకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. మిరప విత్తనం కొని, మొక్క ఎదిగి, కాయ రాక, దుకాణానికి వెళితే "నీ సాగులోనే లోపముంది" అన్న మాట విన్నవారు మన పల్లెల్లో ఉన్నారు. ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో తెలిసినవాళ్ళం, మనం అమ్మే చోట కూర్చున్నప్పుడు "తేనె గురించి మీకేం తెలుసు?" అని ఇల్లాలిని కసరవచ్చునా? ఎక్కువ తెలిసినవాడి మీదే ఎక్కువ బాధ్యత ఉంటుంది. సీసా ఎక్కడిది, ఏ రోజు తీశారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్నది అమ్మినవాడు తెలుసుకోగలడు. కొన్నామెకు ఆ దారి లేదు. కనుక నిరూపించవలసిన భారం అమ్మినవాడిదే.

గొడవెందుకని వెంటనే డబ్బు పంపి, ఆ ఒక్క నక్షత్రం తీసెయ్యమని బతిమాలడం కొందరి పద్ధతి. ఇది ఉదారంగా కనబడుతుంది. కాని దీనివల్ల సత్యం తేలదు. తేనె మంచిదైతే ఆ ఇల్లాలు తప్పు నమ్మకంతోనే మిగిలిపోతుంది. చెడ్డదైతే అదే డబ్బాలోని మిగతా సీసాలు మరో పదిమంది ఇళ్ళకు చేరుతాయి. ఎదురు మాట్లాడినవాడికి డబ్బు, మాట్లాడనివాడికి కల్తీ అన్నది న్యాయం ఎలా అవుతుంది? జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో ఒక దుకాణదారు ఉదాహరణ చెప్పాడు. అతడు పసివాడికి కూడా సరైన ధరకే అమ్ముతాడు. కాని అది ధర్మమని చేస్తున్నాడా, బేరం నిలుస్తుందని చేస్తున్నాడా అని కాంట్ ప్రశ్న. నక్షత్రాల కోసం చేసే నిజాయితీకి కూడా అదే ప్రశ్న వెయ్యాలి.

అయితే సంఘం చెయ్యవలసినది ఏమిటి? ముందు, అదే రోజు సీసాకెత్తిన మిగతా తేనెను తీసి చూడాలి. ఎవరి దగ్గర కొన్నారో పుస్తకంలో వెతకాలి. ఆ పుస్తకమే లేకపోతే ఇప్పటినుంచైనా రాయాలి. అనుమానం తీరకపోతే నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాల వంటి చోట పరీక్ష చేయించే మార్గం చూడాలి. ఆపైన ఆ ఇల్లాలికి ఇలా రాయవచ్చు: "అమ్మా, పలుకు కట్టడం తేనె సహజగుణం. కారణం ఇదీ. ఈ తేనె ఫలానా నెలలో, ఫలానా ఊరివారు తీసినది. ఇంతవరకు మాకు తెలుసు. ఇది ప్రయోగశాలలో పరీక్షించినది కాదు. మీకు నమ్మకం కలగకపోతే సీసా వెనక్కి పంపండి, డబ్బు ఇస్తాం." తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పడమే నిజమైన జవాబు. లోపం ఉందని తేలితే మాత్రం, అడిగినవారికే కాక ఆ సరుకు కొన్న అందరికీ కబురు పంపాలి.

ఇంకొక్క మాట. వెనక్కి ఇచ్చిన డబ్బు చివరకు ఎవరి జేబులోంచి పోతుంది? తేనె పట్టిన కోయ మనిషి లెక్కలోంచి కోసుకోవడం సులభం. అతను ఆ ఫిర్యాదు చదవలేదు, జవాబు చెప్పే అవకాశమూ అతనికి లేదు. కల్తీ అతని చేతిలో జరిగిందని తేలకుండా అతని కూలి కోయడం, కొన్నామెకు న్యాయం చేస్తూ తీసినవాడికి అన్యాయం చెయ్యడమే. దూరంనుంచి ఊరికే దొరుకుతుందని అబద్ధపు ఫిర్యాదు రాసే కొనుగోలుదారులు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారు ఎగ్గొట్టేది కంపెనీ సొమ్ము అనుకుంటారు. చాలాసార్లు అది చెట్టెక్కినవాడి అన్నం.

ముఖం చూడకుండా కొనే కాలం వచ్చింది. ఇక్కడ అమ్మేవాడి చేతిలో మిగిలిన ఆస్తి అతని మాటే. ఫిర్యాదు వచ్చిన రోజున ఆ మాటను సీసాతో సరిచూసుకునే ఓపిక ఉన్నవాడు, ఒక బేరం పోగొట్టుకున్నా, తరువాతి సీసా మీద అదే మాట ధైర్యంగా రాయగలడు.