ఇసుక కింది రాళ్లు

అనగనగా ఒక రేవు పట్నం. ఒక వైపు కొండ, ఒక వైపు సముద్రం, ఆ రెంటి మధ్య ఇసుక నేల మీద ఇళ్లు. ఆ ఊరిని ఒక రాజు పాలించేవాడు. వానలు వేళకు కురిసేవి, ఓడలు వేళకు వచ్చేవి, దొంగల భయం లేదు. ఊరికున్న దిగులు ఒక్కటే, సముద్రం. ఏటా వానాకాలంలో కెరటాలు ఒడ్డును కోసుకుంటూ లోపలికి వచ్చేవి. ఒక ఏడు తాటితోపు పోయింది. మరుసటి ఏడు వలలు ఆరబెట్టుకునే బయలు పోయింది. ఆ పై ఏడు జాలరుల వీధిలో సగం ఇళ్లు పోయాయి.

రాజు దండోరా వేయించాడు. సముద్రం కోతను ఆపగలిగినవాడికి కోరినంత ధనం ఇస్తానని చాటించాడు.

దూరదేశం నుంచి పేరుమోసిన స్థపతి ఒకడు వచ్చాడు. కోటలూ గోపురాలూ కట్టి మెప్పులు పొందినవాడు. అతడు ఒడ్డు పొడుగునా ఎత్తయిన రాతిగోడ లేపాడు. గోడకు ఏనుగులనూ సింహాలనూ చెక్కించాడు. పొరుగూళ్ల జనం బళ్లు కట్టుకుని వచ్చి ఆ గోడను చూసి పోయారు. రాజు స్థపతి చేతికి బంగారు కంకణం తొడిగి సాగనంపాడు.

మొదటి వానాకాలం గోడ చలించలేదు. కెరటం వచ్చి కొట్టేది, గోడ దాన్ని వెనక్కి నెట్టేది. ఊరు సంతోషించింది. కానీ వెనక్కి మళ్లిన కెరటం ఉత్త చేతులతో పోలేదు. మళ్లిన ప్రతిసారీ గోడ పాదం దగ్గరి ఇసుకను కొంచెం కొంచెంగా తవ్వుకుపోయింది. పైనుంచి చూసేవాళ్లకు అది తెలియలేదు. మూడో వానాకాలంలో ఒక రాత్రి గోడ సముద్రం వైపు ఒరిగి పడిపోయింది. తెల్లారేసరికి దాని వెనకనున్న వీధి కూడా లేదు.

ఆ ఊళ్లోనే ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు. బావులు దించడం అతని పని. ఇసుకలో రాయి ఎలా దిగుతుందో, ఎక్కడ నిలుస్తుందో అతనికి చేతి వేళ్లతోనే తెలుసు. అతడు రాజు దగ్గరికి వెళ్లి ఒక ఏడాది గడువూ, ఇంటిల్లిపాదికి తిండిగింజలూ అడిగాడు. రాజుకు వేరే దారి లేక ఒప్పుకున్నాడు.

ఆ ఏడాది పొడుగునా మేస్త్రి ఒక్క రాయి కూడా ముట్టలేదు. తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్లి ఒక ముసలి జాలరి పక్కన కూర్చునేవాడు. ముసలివాడు పుట్టినప్పటి నుంచీ ఆ నీళ్ల మీదే బతికినవాడు. వానాకాలంలో తెగిన వల ఏ దిక్కుకు కొట్టుకుపోతుందో, చలికాలంలో నీటి వాటం ఎటు మారుతుందో మేస్త్రికి చూపించాడు. మేస్త్రి ఎండు కొబ్బరికాయలు నీళ్లలో వదిలి, ఒడ్డు వెంట వాటితో పాటే నడిచాడు. ఎర్రటి ఇటుకలు దంచి ఆ పొడిని తడి ఇసుకలో కలిపి, నెల తిరిగేసరికి ఎంత దూరం పోయిందో అడుగులు వేసి కొలిచాడు. రాజు గింజలు తింటూ కొబ్బరికాయలతో ఆడుకుంటున్నాడని ఊరు నవ్వింది. మేస్త్రి పట్టించుకోలేదు.

ఏడాది చివరికి అతనికి సంగతి బోధపడింది. ఇసుక చాలావరకు నడిసముద్రంలోకి పోవడం లేదు. ఒడ్డు వెంబడే దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచిపోతోంది. పోయేది ఎంతో, కొత్తగా వచ్చేదీ ఇంచుమించు అంతే. వచ్చిన ఇసుక నిలవకపోవడమే ఊరి కష్టం. ఒడ్డున అడ్డంగా పడి ఉన్న ఒక తాటిదుంగ దగ్గర మాత్రం ఇసుక మేట వేసి ఉంది.

మేస్త్రి పని మొదలుపెట్టాడు. ఒడ్డు నుంచి నీళ్లలోకి చాచినట్టుగా, నడుమెత్తుకు మించకుండా, ఎడం ఎడంగా పన్నెండు రాతి కట్టలు వేశాడు. వాటికి చెక్కడాలు లేవు, నునుపు లేదు. కొండరాళ్లను ఒకదాని సందులో ఒకటి ఇరికించి పేర్చాడు. ఊరికి కోపం వచ్చింది. సముద్రానికి ఎదురుగా గోడ కట్టకుండా ఊరిని బార్లా తెరిచి పెట్టాడని పెద్దలు రాజుకు మొర పెట్టుకున్నారు. రాజు ఆ వానాకాలం వరకూ ఓపిక పట్టాడు.

వానాకాలం వచ్చింది. కెరటాలు కట్టల మధ్యకు దూరి, అక్కడ వేగం తగ్గి, మోసుకొచ్చిన ఇసుకను అక్కడే దించి పోయాయి. మరుసటి ఏడూ అలాగే జరిగింది. మూడేళ్లకు కట్టలు సగం దాకా పూడాయి. ఐదేళ్లకు ఒక్క రాయి కూడా పైకి కనబడకుండా ఇసుక కప్పేసింది. పోయిన బయలు తిరిగి వచ్చింది. జాలరులు తెప్పలు పైకి లాగి పెట్టుకున్నారు, వలలు ఆరబెట్టుకున్నారు. మేస్త్రి తన కూలి తీసుకుని మళ్లీ బావుల పనికి పోయాడు. కొన్నాళ్లకు ముసలి జాలరి కాలం చేశాడు. ఆ తరవాత మేస్త్రీ పోయాడు. ఆ తరవాత రాజూ పోయాడు.

రాజు కొడుకు గద్దె ఎక్కాడు. అతడు చెడ్డవాడు కాడు. ఖజానా లెక్కలు తనే కూర్చుని చూసేవాడు. పాత చిట్టాల్లో పన్నెండు రాతి కట్టల ఖర్చు కనబడింది. వెళ్లి చూస్తే ఒడ్డున ఇసుక తప్ప ఏమీ లేదు. తవ్వించి చూశాడు. రాళ్లు బయటపడ్డాయి. మోసమేమీ జరగలేదని అతని మనసు కుదుటపడింది. కానీ అంత మంచి రాయి ఏ పనీ చేయకుండా ఇసుకలో పడి ఉందని బాధపడ్డాడు. తన పట్టాభిషేకానికి గుర్తుగా రేవు దగ్గర ఒక పెద్ద ద్వారం కట్టించాలన్న కోరిక అతనికి ఉంది. ఆ రాళ్లన్నీ పెకలించి దానికే వాడమని ఆజ్ఞ ఇచ్చాడు. ద్వారం చాలా అందంగా వచ్చింది. ఖజానాకు బోలెడు ఖర్చు తప్పించాడని మంత్రులు రాజును పొగిడారు.

ఆ వానాకాలం సముద్రం బయలును తిరిగి తీసుకుంది. ఆ పై వానాకాలం జాలరుల వీధిలోకి వచ్చింది. మూడో ఏడు కొత్త ద్వారం మెట్లను తాకింది. రాజు మేస్త్రి కోసం కబురు పెట్టాడు. మేస్త్రి లేడని, అతని దగ్గర పని నేర్చినవాళ్లు కూడా ఊళ్లో మిగల్లేదని తెలిసింది. ఎవరికీ ఏం చేయాలో పాలుపోలేదు.

ముసలి జాలరికి ఒక మనవరాలు ఉంది. చిన్నప్పుడు తాత భుజమెక్కి ఆ కొబ్బరికాయల వెంట తిరిగిన పిల్ల. ఆమె రాజును ఒడ్డుకు తీసుకెళ్లి ఒక ఎండు కొబ్బరికాయ నీళ్లలో వదిలింది. రాజు దాని వెంట ఉత్తరంగా నడిచాడు. నడిచి నడిచి, పెకలించిన కట్టల గుంతలన్నీ దాటేసరికి అతనికి అంతా అర్థమైంది. మరునాడు ద్వారం మొదటి రాయిని తన చేతులతోనే ఊడదీశాడు. పాత చిట్టాలో రాసి ఉన్న కొలతల ప్రకారం పన్నెండు కట్టలనూ మళ్లీ వేయించాడు. కొన్నేళ్లకు ఇసుక తిరిగి వచ్చి రాళ్లను కప్పేసింది. రాజు ద్వారం ఆనవాలు లేకుండా పోయింది, ఊరు నిలిచింది. ఆనాటి నుంచి ఏటా వానాకాలం ముందు ఆ చిట్టాను ఒడ్డున నిలబడి అందరికీ వినిపించాలని, పన్నెండు కట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో పిల్లల చేత గుర్తు పట్టించాలని రాజు కట్టడి చేశాడు.

కథ కల్పించినదే. కానీ ఆ మేస్త్రి పని మన విశాఖ తీరానికి కొత్తది కాదు. 1840ల తొలినాళ్లలో ఆర్థర్ కాటన్ దొర విశాఖపట్నంలో ఉన్నప్పుడు, ఒడ్డు కోతను ఆపడానికి ఇలా సముద్రంలోకి రాతి కట్టలు వేయించాడు. తరవాత గోదావరికి వెళ్లి 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. వీణెం వీరన్న వంటివారు ఆయనకు తోడుగా ఉండి పని నడిపించారు. అడుగున రాతిపొర అందని ఇసుకలో పునాది ఎలా వేయాలో కాటన్ నేర్చుకున్నది కావేరి మీద చోళులు కట్టిన పాత కల్లణై చూసి. ఆ మాట ఆయనే ఒప్పుకున్నాడు. గోదావరి డెల్టా చేలు చూసినవాళ్లు లక్షల మంది ఉంటారు. ఆ నది ఇసుకలో దించిన బావుల పునాదిని చూసినవాళ్లు ఆనాటి కూలీలూ మేస్త్రీలే.

సముద్రాలకు అవతల మెక్సికోలోనూ ఇలాంటిదే జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో పుట్టి పారిస్‌లో చదివివచ్చిన ఆంతోనియో రివాస్ మెర్కాదో అనే వాస్తుశిల్పి, మెక్సికో నగరంలో స్వాతంత్ర్య స్తంభం కట్టే పని చేపట్టాడు. 1902లో శంకుస్థాపన జరిగింది. కొంత ఎత్తు లేచాక మెత్తటి నేలలో పునాది కుంగింది. లేచిన కట్టడాన్ని విప్పదీసి, పునాదిని మళ్లీ లోతుగా వేసి, 1910లో పూర్తి చేశారు. తరవాత చుట్టూ నగరం నేల దిగిపోతూ వచ్చింది, స్తంభం మాత్రం అంతగా దిగలేదు. అందుకే దాని అడుగున కొత్తగా మెట్లు చేర్చాల్సి వచ్చింది. చూడబోయినవాళ్ల కళ్లు పైనున్న బంగారు దేవత మీదే ఉంటాయి.

మన మల్కాపురానికి అంత దూరపు సాక్ష్యాలు అక్కర్లేదు. మన ఊరి పక్కనున్న విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. దాని ముఖద్వారాన్ని కెరటాల నుంచి కాపాడటానికి, డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. దక్షిణం నుంచి నడిచి వచ్చే ఇసుకను ఈనాటికీ రేవు దగ్గర గుంటలో పట్టి, డ్రెడ్జర్లతో తీసి, ఉత్తరాన ఉన్న బీచ్‌కు చేరుస్తున్నారు. 1948 మార్చి 14న నెహ్రూ జల ఉష ఓడను మన షిప్‌యార్డ్ నుంచి నీళ్లలోకి దింపినప్పుడు జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ ఓడను సముద్రంలో మునగకుండా మోసింది మాత్రం ఆ క్షణం నుంచి నీళ్ల కిందికి పోయిన భాగం, దాన్ని అతికిన పనివాళ్ల చేతులు. రేవులోనూ, షిప్‌యార్డ్‌లోనూ, రిఫైనరీలోనూ పగలూ రాత్రీ షిఫ్టుల్లో పనిచేసి మల్కాపురం ఇళ్లకు తిరిగొచ్చేవాళ్లలో చాలామంది పని అలాంటిదే.

నీతి: సరిగా చేసిన పని తాను కాపాడినదాని కిందే దాగిపోతుంది, కాబట్టి కంటికి కనబడని పనిని పనికిరాని పని అనుకోకూడదు. మన దాకా రాకుండా ఆగిపోయిన కష్టమేదో గమనించి, దాన్ని ఆపుతున్నవాళ్లెవరో అడిగి తెలుసుకుని, వాళ్లు బతికుండగానే వాళ్ల విద్య నేర్చుకోవాలి. ఏ రాయినైనా పెకలించే ముందు అది దేన్ని నిలబెడుతోందో కనుక్కునే ఊరే పది తరాలు నిలుస్తుంది.