ఆరో గది ఖాళీ

మా మేనల్లుడు అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటాడు. ఆదివారం పొద్దున ఫోన్ మోగిందంటే వాడే. "అత్తా, ఏం చేస్తుండావు?" అంటాడు. వెళ్ళి పన్నెండేళ్ళయినా కలికిరి మాట వాడి నాలుకను వదల్లేదు. అదొక సంతోషం నాకు. అలాంటివాడు మొన్నొక ఆదివారం, "అత్తా, నేను నాలుగు తుపాకులు కొనాలనుకుంటుండా" అన్నాడు.

నేనప్పుడు పితికిపప్పు చెయ్యడానికి నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాను. చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఎవరి మీదికిరా?" అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. "ఎవరి మీదికీ కాదత్తా. ఆట!"

ఆ ఆట పేరు కౌబాయ్ యాక్షన్ షూటింగ్ అట. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో పుట్టిందట. 1987లో దానికొక సంఘం కూడా ఏర్పడింది. నూట యాభై ఏళ్ళనాటి కౌబాయ్‌లలాగా టోపీలూ బూట్లూ వేసుకుని, ఆ కాలపు రకం తుపాకులతో ఇనప పలకల్ని కొట్టాలి. ఎవరెంత తొందరగా ముగిస్తే వాళ్ళు గెలిచినట్టు. గురి తప్పిన ప్రతి దెబ్బకీ లెక్కలో అయిదు సెకన్లు కలుపుతారు. ప్రతివాళ్ళూ ఒక మారుపేరు పెట్టుకోవాలి. ఒకరు పెట్టుకున్న పేరు ఇంకొకరు పెట్టుకోకూడదు. ఆడవాళ్ళూ ఆడతారు, తాతలూ ఆడతారు.

"నీకు తెలీందేముందత్తా! మోసగాళ్ళకు మోసగాడు చూసిందానివే గదా" అన్నాడు.

చూశాను. 1971లో వచ్చిన ఆ సినిమా మా టూరింగ్ టాకీసుకు ఆలస్యంగా చేరింది. నేలమీద కూర్చుని, కృష్ణ గుర్రం మీద ఇసకలో దూసుకుపోతుంటే నేనూ మా తమ్ముడూ నోరు తెరుచుకుని చూశాము. ఆ తమ్ముడి కొడుకే వీడు. విత్తనం ఎక్కడిదో నాకు అప్పుడర్థమైంది.

నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ ఆ సాయంత్రమే వాడి భార్య ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మీరు వద్దంటే వింటాడు. ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంది. మామయ్యకు చెబితే ఆయనకూ సరదాగానే ఉంది. మీరొక్క మాట చెప్పండి" అంది. ఆ పిల్ల గొంతులో వణుకు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అమెరికాలో బళ్ళలో తుపాకులు పేలిన వార్తలు చూసినప్పుడల్లా టీవీ కట్టేసేదాన్ని నేను. వద్దని ఒక్క మాట అనేస్తే నా పని తీరిపోతుంది. కానీ ఎందుకు వద్దో చెప్పలేకపోతే అది పెద్దరికం అవుతుందేమో గానీ న్యాయం కాదు గదా!

మరుసటి ఆదివారం నేనే అడిగాను, వివరంగా చెప్పరా అని.

నాలుగు తుపాకులెందుకంటే, రివాల్వర్లు రెండు కావాలి. ప్రతి దెబ్బకీ బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగాలి. ఇంకొకటి రైఫిలు, మీటను కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించే రకం. నాలుగోది షాట్‌గన్. అసలు పాతవి కొనక్కర్లేదు, 1873 నాటి కోల్ట్ రివాల్వరుకూ, వించెస్టర్ రైఫిలుకూ నకళ్ళు ఇటలీలో చేస్తారట. మన దేశంలో అయితే 2019లో చట్టం సవరించాక మామూలు లైసెన్సుదారు రెండుకు మించి ఉంచుకోవడానికి వీల్లేదు. అక్కడ ఒక ఆటకే నాలుగు!

ఇందులో అనుభవం ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పే మొదటి మాట ఏమిటో తెలుసా? ఏదీ కొనవద్దని! ముందు పోటీకి వెళ్ళి చూడమంటారు. అక్కడివాళ్ళే తమవి ఇచ్చి కాల్పిస్తారు. చేతికి ఏది ఇముడుతుందో తెలిశాకే డబ్బు తియ్యమంటారు. రివాల్వరుకూ రైఫిలుకూ ఒకే రకం తూటా పట్టేటట్టు చూసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పొరపాటూ తగ్గుతుంది. పెద్ద దెబ్బ తన్నే తూటా కంటే మెత్తగా పేలేదే కొత్తవాడికి మేలు. చీర అంచు చూసి మోజుపడి కొనకుండా నేత చూసి కొనమని మనం అమ్మాయిలకు చెప్పినట్టే ఉంది నాకు.

"మరి నీ సందేహమేందిరా?"

సందేహం మేస్త్రీల దగ్గర వచ్చిందట. కొత్త తుపాకి లోపలి భాగాలు గరుగ్గా ఉంటాయి. వాటిని నునుపు చేసి, స్ప్రింగులు మార్చి, తేలిగ్గా ఆడేటట్టు చేసే పనివాళ్ళు ఉంటారు. వీడు ఇద్దర్ని కలిశాడు. ఒకాయన, "ఊపిరి తగిలితే పేలేటంత తేలిక చేసిస్తాను" అన్నాడు. రెండో ఆయన, "ఇప్పుడేమీ చెయ్యను. ఒక ఏడాది ఇలాగే కాల్చు. నీ చేతికి ఏది అడ్డమో అప్పుడు నీకే తెలుస్తుంది. స్ప్రింగు మరీ మెత్తబడితే తూటా అంటుకోదు, మీట మరీ తేలికైతే నువ్వనుకోకుండా పేలుతుంది" అని పంపేశాడు.

"మొదటాయనే ఉషారుగా ఉండాడత్తా" అన్నాడు మా వాడు.

నాకు తుపాకుల సంగతి తెలియదు గానీ పనివాళ్ళ సంగతి తెలుసు. మా అత్తగారి కాసులపేరు చెరిపించి కొత్త నగ చేయించుకుందామని ఒకప్పుడు సరదా పడ్డాను. ఆచారి దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "వద్దమ్మా, ఈ పని ఇప్పుడెవరికీ రాదు. కరిగిస్తే బంగారం మిగులుతుంది గానీ ఇది మిగలదు" అన్నాడు. ఆ మాట వల్ల ఆయనకు కూలి పోయింది. ఆ రోజు నాకు కోపమొచ్చింది. తర్వాత మా ఇంట్లో ప్రతి పెళ్ళికీ ఆయన దగ్గరికే వెళ్ళాము.

అప్పుడు మా నాయన తుపాకి జ్ఞాపకం వచ్చింది.

అవును, మా ఇంట్లోనూ ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు దట్టించి పేల్చే పాతరకం. చెనిక్కాయ ఊరే రోజుల్లో అడవి పందులు చేలో పడితే తెల్లారేసరికి మడక దున్నినట్టుండేది. 1959 నాటి ఆయుధాల చట్టంలో, పంట కాపుదలకు ఇలాంటి తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని ప్రత్యేకంగానే రాసి ఉంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మా నాయన రవ్వలు వెయ్యడం మానేసి, ఉత్త మందే పేల్చేవాడు. ఆ చప్పుడుకే పందులు పరుగో పరుగు.

తుపాకి నడవలో గోడకు వేలాడేది. మందూ, రవ్వలూ, కేపులూ మాత్రం లోపలి గదిలో ట్రంకుపెట్టెలో ఉండేవి. ఆ పెట్టె తాళంచెవి మా అమ్మ బొడ్లో ఉండేది.

కృష్ణ సినిమా చూసిన మర్నాడు మా తమ్ముడు నాయన తువ్వాలు తలకు టోపీలాగా చుట్టుకుని, బల్ల మీదికెక్కి ఆ తుపాకి దింపాడు. మొయ్యలేక మొయ్యలేక నాకు గురిపెట్టి, "ఢాం!" అన్నాడు. వంటింట్లోంచి వచ్చిన అమ్మ ముఖం ఇప్పటికీ నా కళ్ళముందుంది. కొట్టలేదు. తుపాకి తీసి మేకుకు తగిలించింది.

"ఉత్తదే గదమ్మా" అన్నాడు వాడు.

"ఉత్తదైనా మనిషికి ఎదురు పెట్టగూడదు" అంది.

మా మేనల్లుడు చెప్పిన ఆటలోనూ మొదటి నియమం అదేనట. తుపాకి నిండుదైనా ఖాళీదైనా మనుషుల వైపు తిప్పరాదు.

ఇంకొక రోజు. మా దాయాదులతో గట్టు తగాదా వచ్చింది. నాయన చేలోంచి ఊగిపోతూ వచ్చి, "తాళంచెవి ఇయ్" అన్నాడు. మేమిద్దరం మూలకు ఒదిగిపోయాము. అమ్మ ఇవ్వనని అనలేదు. "సంగటి చల్లారిపోతాంది. ముందు తిను, తిన్నాక ఇస్తా" అంది. నాయన విసురుగా కూర్చున్నాడు. మొదటి ముద్ద మింగాడో విసిరాడో తెలియనట్టు తిన్నాడు. రెండో ముద్దకు ఊరుబిండి అడిగాడు. తిని, చెయ్యి కడుక్కుని, మంచం మీద పడుకున్నాడు. తాళంచెవి మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు పెద్దమనుషులొచ్చి తాడు పట్టి గట్టు కొలిచారు. తగాదా తీరింది.

అందరిళ్ళలోనూ ఇలాగే జరుగుతుందని నేననను. ఇవ్వకుండా ఆపగలిగే ఆడదీ ఉండాలి, ఆగిపోగలిగే మగవాడూ ఉండాలి. ఆ మధ్యలో ఒక పెట్టే, ఒక తాళమూ కూడా ఉండాలి.

ఆ తుపాకి చివరికేమైందో కూడా చెప్పాలి. మీట దగ్గర ఏదో సడలితే నాయన పట్నంలో బాగుచేయించడానికి తీసుకెళ్ళాడు. ఒకాయన పది రూపాయలకు బిగించి ఇస్తానన్నాడు. రెండో ఆయన గొట్టమంతా చూసి, "అడుగున పలచబడింది రెడ్డీ. ఇంక దీన్ని పేలిస్తే పందికేమీ కాదు, నీ చెయ్యి పోతుంది" అన్నాడు. నాయన ఆ రోజంతా విసుక్కున్నాడు గానీ మళ్ళీ దాన్ని పేల్చలేదు. ఆయన పోయాక పోలీసు స్టేషన్లో అప్పగించాము. లైసెన్సు మనిషికే గానీ ఇంటికి కాదు గదా.

సరే, అసలు ప్రశ్నకు వస్తాను. హాని చెయ్యడానికే పుట్టిన వస్తువుతో ఆడుకోవడం తప్పు కాదా?

పుట్టుకే తప్పయితే విల్లంబులు కూడా ప్రాణం తియ్యడానికి పుట్టినవే. చదరంగం యుద్ధమే. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది రైఫిలుతోనే. దానికి మనమంతా సంతోషించాము. ఆనీ ఓక్లీ అని అమెరికాలో ఒకావిడ ఉండేది. చిన్నప్పుడే తండ్రి పోతే, వేటాడి తెచ్చి తల్లినీ తోబుట్టువుల్నీ సాకింది. తర్వాత ఆ గురితోనే ప్రదర్శనలిచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఒకే వస్తువు ఒకరికి పంట, ఒకరికి కూడు, ఒకరికి ఆట, ఇంకొకరికి హత్య.

మరి ఆటకూ యుద్ధానికీ తేడా ఎక్కడుంది? నాకు తోచింది ఇది. ఆటలో "వద్దు"లు ఎక్కువ. మా వాడి ఆటే చూడండి. కాల్చే చోటికి వచ్చేదాకా తూటాలు నింపవద్దు. ఒక బల్ల దగ్గర, ఇంకొకరు చూస్తుండగానే నింపాలి. అయ్యాక ఇంకొక బల్ల దగ్గర, ఖాళీ అయిందని వేరొకరికి చూపించాలి. నిండిన తుపాకి చేతిలోంచి జారితే ఆ పోటీ మొత్తం నుంచీ బయటికే. కళ్ళకూ చెవులకూ రక్షణ లేకుండా నిలబడవద్దు.

వీటన్నింటికన్నా నాకు నచ్చింది ఒకటి ఉంది. రివాల్వరులో ఆరు గదులుంటాయి. అందులో అయిదే నింపాలి. ఆరోది ఖాళీగా ఉంచి, సుత్తిని దాని మీద ఆనించాలి. పాతకాలపు రకంలో సుత్తి తూటా మీదే ఆని ఉంటే, చిన్న దెబ్బ తగిలినా పేలిపోయే ప్రమాదం ఉండేది. తర్వాత తర్వాత అలా పేలకుండా లోపల ఏర్పాటు ఉన్నవి వచ్చాయి. అయినా నియమం మాత్రం అందరికీ ఒకటే, అయిదే నింపాలి.

ఆ మాట విన్నాక నాకు దారి దొరికింది. అమ్మ బొడ్లో తాళంచెవి ఆరో గది. వద్దన్న ఆచారీ, ఆ తుపాకి మేస్త్రీ, ఏడాది ఆగమన్న అమెరికా ఆయనా ఆరో గదులే. శక్తి ఉన్న ప్రతి చోటా ఒక ఖాళీ ఉండాలి. ఆయుధం ఎంత మంచిదో చూసుకోవడం తర్వాత, దాని పక్కన వద్దనడానికి ఎవరున్నారో ముందు చూసుకోవాలి.

మా వాడికి అదే చెప్పాను. "నిన్ను వద్దన్న మేస్త్రీ దగ్గరికే పో. ఏడాదికే పో. ఇంకొక మాట. ఆటస్థలంలో నీకు వద్దని చెప్పడానికి పదిమంది ఉండారు. ఇంట్లో ఎవరుండారు? ఇనప బీరువా కొని, దాని తాళం నీ పెండ్లాం చేతికియ్. ఆ పొద్దు ఆమె వద్దంటే ఆ పొద్దు ఆట లేదు. దీనికి ఒప్పుకుంటే ఆడుకో. లేదంటే నేనూ వద్దంటా."

అటునుంచి చాలాసేపు మాట రాలేదు. "ఆలోచిస్తానత్తా" అన్నాడు. నేను సరే అన్నాను. ఆలోచించడానికి మనిషి ఆగాడంటేనే సగం భయం తగ్గింది.

మూడు వారాలకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నాలుగు కాదు, ముందు ఒక రివాల్వరే కొన్నాడట. మిగతావి అక్కడి స్నేహితులవి అడిగి ఆడుతున్నాడట. బీరువాకు అంకెల తాళం. "ఆ అంకెలు నాకే తెలుసు పెద్దమ్మా" అంది. గొంతులో వణుకు లేదు. భయం పూర్తిగా పోయిందా అంటే, పోకూడదనే నా ఉద్దేశం. కొంచెం భయం ఉండటం కూడా ఒక కాపలాయే.

ఫోన్ పెట్టేశాక మా వారు, "తుపాకుల మీద అంత బాగా చెప్పావు. మరి పొద్దున పనిమనిషి ఆలస్యంగా వచ్చిందని అన్ని మాటలన్నావే, అందులో ఒక్క గదైనా ఖాళీ పెట్టావా?" అన్నారు.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అంత తేలిక కాదండీ!