ప్రభుభోజనము – పంక్తిధర్మము



క్రైస్తవుల యారాధనలో ప్రభురాత్రి భోజనమను సంస్కారము కలదు. గురువు రొట్టెను చేతబట్టి, స్తోత్రము చెల్లించి, విఱిచి సభవారికి పంచును. పిమ్మట ద్రాక్షారసపు పాత్ర నందించును. యేసు తాను పట్టుబడిన రాత్రి శిష్యులతో గూడి భుజించి, తన జ్ఞాపకార్థముగా నిట్లు చేయుడని చెప్పుటయే దీనికి మూలము.

ఇంత సరళమైన కర్మమును గూర్చి జరిగిన వాదము లన్నిన్ని కావు. రొట్టెయు రసమును నిజముగా శరీరరక్తములుగా మాఱునని 1215లో లాటెరను మహాసభ నిర్ణయించెను. 1529లో మార్బర్గు నగరమున లూథరును జ్వింగ్లీయు నీ విషయముననే యేకాభిప్రాయము కుదురక విడిపోయిరి. ఐక్యమును జూపవలసిన భోజనమే భేదమునకు హేతువయ్యెను.

అయినను, ఈ భోజనమును గూర్చి పౌలు కొరింథు సంఘమువారికి వ్రాసిన మందలింపులో పదార్థ విచారమే లేదు. అచ్చట కలిగినవారు ముందుగా కడుపునిండ తిని త్రాగుచుండగా, లేనివా రాకలితో కూర్చుండిరి. అది ప్రభుభోజనమే కాదనియు, ఒకరికొఱ కొకరు కనిపెట్టుకొని యుండవలెననియు పౌలు తీర్పు చెప్పెను. న్యాయస్థానములలో మెలగు మాకు ఈ తీర్పు మిక్కిలి యాశ్చర్యకరముగా నున్నది. ఆయన మంత్రలోపమును విచారింపలేదు, పంక్తిలోపమును విచారించెను.

ఆ లోపము మన దేశమునకును వచ్చెను. దక్షిణదేశపు సంఘములు కొన్నింట కులముల చొప్పున వేఱువేఱుగా కూర్చుండి సంస్కారము పొందుచుండిరి. 1833లో కలకత్తా బిషప్పగు డేనియల్ విల్సన్ ఈ భేదమును విడువవలెనని యుత్తరువు పంపగా, పలువురు కులమును గాక సంఘమునే విడిచిరి!

ఇది పరమతస్థుల దోషమని మనము నవ్వదగునా? పల్నాటి బ్రహ్మనాయుడు సకల కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసెనని మన వీరగాథలు చెప్పుచున్నవి. కారంపూడి వీరారాధనలో నేటికిని ఆ చాపకూడు జరుగుచున్నది. 1881లో కేశవచంద్రసేనుడు కలకత్తాలో అన్నమును నీటిని గైకొని ప్రభుభోజనమును మన దేశపు రీతిని జరిపెను. పదార్థమును మార్చుట యొక దినపు పని. పంక్తిని మార్చుట జన్మమంతయు చేయవలసిన పని.

సభలో సర్వమానవ సోదరత్వమును గూర్చి యుపన్యసించి, ఇంటికి బోయినంతనే పాత్రలు తోము స్త్రీకి కాఫీ పోయు గ్లాసును వేఱుగా కిటికీలో నుంచు గృహము లెన్ని లేవు! మేమును ఈ దోషమునకు వెలిగా లేము. మా యింటి కిటికీలోను అట్టి గ్లాసు చిరకాల ముండెను. దానిని మేము చూచుచునే యుంటిమి గాని, అది మా యుపన్యాసములకు ప్రత్యుత్తరమని గుర్తింపలేదు.

కావున, రొట్టె యేమగునో పండితులు వాదింతురు గాక. అది యెవరి సరసను కూర్చుండి తినబడునో మనము విచారింతము. మన యింటి పాత్రలన్నియు ఒక్క బీరువాలో నుండునట్టి ధైర్యమును సర్వేశ్వరుడు మనకు ప్రసాదించుగాక.