ఎటు తిరిగి ఊదాలి

ఫ్రెంచ్ హార్న్ మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. ఆర్కెస్ట్రాలో తక్కిన ఇత్తడి వాద్యాలు ముందుకో పైకో చూస్తుంటే ఇది వాయించేవాడి కుడి పక్కనుంచి వెనక గోడను చూస్తుంది. విచ్చుకున్న ఆ మూతిని బెల్ అంటారు. కుడి చెయ్యి అందులోనే ఉంటుంది. వాల్వులు నొక్కేది ఎడమ చేతి వేళ్లు. దీని పూర్వీకులు వేట కొమ్ములు. చుట్టగా చుట్టిన గొట్టాన్ని భుజాన వేసుకుని గుర్రం మీద పోతూ ఊదితే వెనక వస్తున్నవాళ్లకు వినపడేది. పద్దెనిమిదో శతాబ్దంలో అది అడవి వదిలి సంగీత మందిరంలోకి వచ్చింది. వెనక గుర్రాలు పోయి గోడ మిగిలింది. నాదం ఆ గోడకు తగిలి, పదును తగ్గి, ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా మనల్ని చేరుతుంది. హార్న్ ధ్వనిలో మనం మెచ్చుకునే ఆ దూరపు గుణంలో చాలా భాగం ఈ చుట్టుదారి పెట్టిన భిక్షే.

ఇప్పుడు అదే వాద్యాన్ని మార్చింగ్ బ్యాండులోకి తీసుకురండి. గోడ లేదు, కప్పు లేదు. పచ్చటి మైదానం, ఎదురుగా గ్యాలరీలో జనం. మూతి మాత్రం వాళ్లకు వీపు పెట్టి ఉంది.

చిక్కు అంతటితో పోదు. ఎఫ్ హార్న్ గొట్టాన్ని విప్పి తిన్నగా పరిస్తే సుమారు 12 అడుగులు. అంత పొడవు గొట్టంలో వాల్వు నొక్కకుండానే, పెదవుల బిగువు మార్చి, చాలా స్వరాలు పలికించవచ్చు. కింది స్వరాల మధ్య ఎడం ఎక్కువ, పైకి పోయేకొద్దీ అవి దగ్గరపడతాయి. హార్న్ ఎక్కువగా పలికేది ఆ పై ఇరుకులోనే. పెదవి వెంట్రుకవాసి సడలితే పక్కింటి స్వరం తలుపు తీస్తుంది. కుర్చీలో కదలకుండా కూర్చున్న నిపుణులే ఒక్కోసారి జారిపడే చోటు అది. ఇక నడిచేటప్పుడు ప్రతి అడుగూ మౌత్‌పీస్‌ను పెదవి మీద కాస్త తోస్తుంది. మడమ ముందు ఆనించి, పాదాన్ని మెల్లగా దొర్లించి, నడుము పైభాగం కదలకుండా నడవడం బ్యాండు పిల్లలకు వారాల తరబడి నేర్పేది అందుకే.

అందుకని మైదానంలో హార్న్ వాళ్ల చేతికి మెలోఫోన్ ఇస్తారు. అదీ ఎఫ్ వాద్యమే, కాని గొట్టం సగమే, దాదాపు ఆరడుగులు. స్వరాల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి జారడం తక్కువ. బెల్ ముందుకు చూస్తుంది. వాల్వులు కుడిచేతికి వస్తాయి. ధ్వనిలో హార్న్ మెత్తదనం ఉండదు. కొంచెం కరుకు, కొంచెం ధీమా. హార్న్ ప్రియులు దీన్ని చూసి మూతి ముడుస్తారు. వాళ్లకోసం బి ఫ్లాట్ మార్చింగ్ హార్న్ అని ఇంకొకటి ఉంది. తొమ్మిదడుగుల గొట్టం, బెల్ ముందుకే, అలవాటైన హార్న్ మౌత్‌పీస్ పెట్టుకోవచ్చు, నాదం హార్న్‌కు దగ్గర. దానితో పాటే జారే గుణమూ కొంత తిరిగొస్తుంది.

ఏది మంచిది అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. ఎక్కడ, ఎవరికోసం అన్నవి కలిపితేనే అదొక ప్రశ్న అవుతుంది. నేను సంగీతం నేర్చినదాన్ని కాను. ఈ వాద్యాల సంగతి తెలుసుకుంటున్నకొద్దీ నన్ను పట్టుకున్నది ఇదే. ఒక మనిషి తన ధ్వనిని ఎటు తిప్పుకోవాలి? మన మాట బాగుందా, గొంతు బాగుందా అని జీవితమంతా తంటాలు పడతాం. అది ఎవరి వైపు తిరిగి ఉందో చూసుకోం.

ఈ గొడవంతా నా దాకా రావడానికి కారణం మా అక్క మనవరాలు. డాలస్ పక్క ఊళ్లో బడి. అక్కడ ఆరో తరగతిలో బ్యాండులో చేరే పిల్లలకు రకరకాల మౌత్‌పీసులు ఇచ్చి ఊదించి చూస్తారు. పెదవులు, పళ్లు, చెవి గమనించి టీచర్ ఒక వాద్యం సూచిస్తారు. పిల్ల సాక్సొఫోన్ అడిగింది, దక్కింది హార్న్. హైస్కూలుకు రాగానే ఆగస్టు ఎండలో మెలోఫోన్ మెడకు తగులుకుంది. మా అక్క బంధువులందరికీ ఫోన్లు చేసి "బాకా ఊదుతోందిట" అని చెప్పి, ఒకరోజు వీడియో కాల్లో కచేరీ పెట్టించింది. ఆ పిల్ల ఒక మార్చ్‌లో తన భాగం వాయించింది. ప్పా, ప్పా, ప్పా, ప్పా. మధ్యలో ఖాళీలు. మళ్లీ ప్పా, ప్పా.

"పాటేదే?" అంది మా అక్క.

"పాట ట్రంపెట్లది అమ్మమ్మా. మాది మధ్యలోది."

మార్చ్‌లో రెండు దెబ్బలు. ఎడమ కాలు, కుడి కాలు. దెబ్బ మీద పడేది సూసాఫోన్, ఒంటికి చుట్టుకునే పెద్ద ట్యూబా. రెండు దెబ్బల నడుమ ఖాళీలో పడేవి హార్న్‌లు. పాత మార్చ్‌లలో వాళ్లకు పేజీల కొద్దీ ఇదే పని. పేరున్న మార్చ్ ఏదైనా చెప్పండి, అందులో పాట గుర్తొస్తుంది, డప్పు గుర్తొస్తుంది. హార్న్‌లు ఏం వాయించాయో గుర్తురాదు. పైగా వాళ్లకు విశ్రాంతి కూడా తక్కువ. ట్రంపెట్లు పాట ముగించి పెదవులు తుడుచుకునేటప్పుడు కూడా ఆ మధ్య దెబ్బ పడుతూనే ఉండాలి. అది ఆపితే స్వరమేదీ తప్పినట్టు వినపడదు, కాని నడక చచ్చిపోతుంది. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడికి ఏమవుతుందో ఊహించుకోండి. 'తందాన తాన' పాడుకుంటూ ఇంటికి పోయినవాళ్లెవరూ లేరు. అది లేకుండా కథ వినగలిగినవాళ్లూ లేరు.

ఈ మధ్య గొంతు వాళ్లకు దక్కేదేమిటని ఆ పిల్లను తర్వాత అడిగాను. చాలాసేపు ఆలోచించి, "మాకు అందరూ వినపడతారు చిన్నమ్మమ్మా" అంది. పైన ట్రంపెట్లు, కింద ట్యూబాలు, మధ్యలో నిలబడితే సంగీతం ఎలా కట్టారో లోపలినుంచి తెలుస్తుందిట. ఇది పొగడ్త కోసం చెప్పే మాట కాదు. ఇంగ్లండ్ ఉత్తరాన గనుల ఊళ్లలో, మిల్లుల ఊళ్లలో పెరిగిన బ్రాస్ బ్యాండుల్లో టెనర్ హార్న్‌లు మూడుంటాయి. మొదటి కుర్చీకి అప్పుడప్పుడు ఒంటరిగా పాడే భాగం వస్తుంది. మిగతా ఇద్దరిదీ ఎక్కువగా నింపే పనే. ఆ నింపే కుర్చీల్లో ఏళ్ల తరబడి ఇష్టంగా కూర్చున్నవాళ్లు ఉన్నారు. అలాంటి వాటిలో ఒకటైన గ్రైమ్‌థార్ప్ గని బ్యాండు 1917లో పుట్టింది. గని 1993లో మూతపడింది. బ్యాండు ఆగలేదు.

మూతి సంగతికి వస్తాను. అమెరికా అంతర్యుద్ధం నాటి ఫొటోల్లో బ్యాండు వాళ్లను చూస్తే మొదట నవ్వొస్తుంది. వాద్యం భుజం మీదుగా వీపు వెనక్కి సాగి, బెల్ వెనకవాళ్ల ముఖాల్లోకి చూస్తుంటుంది. నవ్వు ఆగాక అర్థమవుతుంది. బ్యాండు ముందు నడిచేది. వినవలసినవాళ్లు వెనక వస్తున్న సిపాయిలు. వాళ్ల అడుగు కలవాలి, వాళ్ల కాళ్లకు బలం రావాలి. ఎదురుగా ఉన్న ఊరి జనానికి వినపడిందా లేదా అన్నది తర్వాతి మాట. ఇదే బ్యాండు సాయంత్రం ఒకచోట నిలబడి కచేరీ చేస్తే ధ్వనంతా చెట్లలోకి పోయేది. న్యూయార్క్ బ్యాండు పెద్ద అలెన్ డాడ్‌వర్త్ 1853లో అచ్చు వేసిన బ్రాస్ బ్యాండు పాఠ్యపుస్తకంలో ఈ సంగతి సూటిగానే చెప్పాడు. సైన్యంతో నడవడమే మీ పని అయితే భుజం మీది వాద్యాలు కొనుక్కోండి, ఇంకే పనికైనా అవి అంత బాగుండవు, ఏదైనా సరే బ్యాండులో మూతులన్నీ ఒకే దిక్కున ఉండేలా చూసుకోండి అని దాని సారం. కొనుగోలు సలహాగా రాసిన ఈ మాట నాకు చాలా పెద్ద మాటగా తోస్తుంది. సగం మంది వెనక్కీ సగం మంది ముందుకీ ఊదే ఇళ్లూ ఆఫీసులూ మనకు తెలియనివి కావు.

అమెరికన్ బ్యాండు నాయకుడు జాన్ ఫిలిప్ సూసా కథ దీనికి తలకిందులు. ఒంటికి చుట్టుకునే హెలికాన్ ధ్వని ముందుకు మరీ సూటిగా దూసుకుపోతోందని ఆయనకు నచ్చలేదు. బెల్ ఆకాశంలోకి చూసే వాద్యం కావాలన్నాడు. 1890లలో అలాగే చేసి ఇచ్చారు. నాదం పైకి లేచి బ్యాండు మొత్తం మీద పరుచుకోవాలన్నది ఆయన కోరిక, ఎందుకంటే ఆయన సొంత బ్యాండు వేదిక మీద కూర్చుని వాయించేది. వీధిలో నడిచింది చాలా అరుదు. తర్వాత వీధి బ్యాండుల వాళ్లు ఆ వాద్యాన్ని తీసుకుని, మూతిని మళ్లీ ముందుకు వంచి, దాని మీద బడి పేరు రాసుకున్నారు. సూసాఫోన్ అని ఆయన పేరు మాత్రం దానికే ఉండిపోయింది. ఇందులో అన్యాయమేమీ లేదు. వాళ్ల శ్రోతలు వేరు.

మన పెళ్లి బ్యాండుల వాద్యాలు ఎక్కువగా మీరట్ నుంచి వస్తాయి. అక్కడి జలీ కోఠీ ప్రాంతం దీనికి పేరు, అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. మన ఊరేగింపులో బ్యాండు పెళ్లికొడుకు కారుకు ముందు నడుస్తుంది. నడిచినంతసేపూ మూతులు వీధివైపు, ఊరికి కబురు చెబుతున్నట్టు. కూడలి రాగానే ఎవరో చెప్పినట్టు మొత్తం బృందం వెనక్కి తిరుగుతుంది, పెళ్లివారి వైపు. అక్కణ్ణుంచి పాటంతా ఆడేవాళ్లది. వాద్యం మార్చనక్కర్లేకుండా మనిషే తిరిగిపోవడం అన్నమాట. మూఢం వస్తే పని లేని, డీజే పెట్టెలు వచ్చాక ముహూర్తాలకు కూడా పిలుపులు తగ్గిన ఈ మనుషుల దగ్గర ఆ తిరగడం చూసి నేర్చుకోవలసింది ఉంది.

మార్చింగ్ బ్యాండు మైదానానికి తిరిగొస్తే, అక్కడ ఇంకో విచిత్రం ఉంది. ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 49 మీటర్ల లోపే, అయినా వెనక గీత నుంచి ముందు గీతకు చేరేసరికి సెకనులో ఏడో వంతు గడుస్తుంది. నిమిషానికి 120 అడుగుల నడకలో ఒక దెబ్బకు అర సెకను కాబట్టి అది చిన్న తేడా కాదు. ఆ మూల నుంచి ఈ మూలకైతే సగం దెబ్బకు పైనే పోతుంది. అందరూ చెవులనే నమ్మి వాయిస్తే బ్యాండు మైదానం మీదే చిరిగిపోతుంది. అందుకని వెనక ఉన్నవాళ్లకు ఒక కట్టడి: ముందునుంచి వినపడుతున్నదాన్ని పట్టించుకోకు, ఎదురుగా నిలబడి తాళం చూపే డ్రమ్ మేజర్ చేతిని చూడు. ముందున్నవాళ్లకు ఇంకో కట్టడి: వెనకనుంచి వచ్చే డ్రమ్ములను విను, అది నీ చెవికి చేరిన క్షణంలోనే నీ స్వరం కలుపు. అప్పుడు రెండూ కలిసి గ్యాలరీకి చేరతాయి. జనానికి అందరికంటే ముందు కనపడేవాళ్లే వెనకవాళ్ల మాట వినాలన్నమాట. ముందు వరస అంటే నడిపించే వరస అని నేనెప్పుడూ అనుకునేదాన్ని.

రెండో సంవత్సరం ఆ పిల్లకు సొంత మెలోఫోన్ కావలసి వచ్చింది. కొత్తది ఖరీదు, పాతవి చూశారు. పాత ఇత్తడి వాద్యం కొనడంలో కంటికి కనపడేది నమ్మకూడదు. బెల్ మీద సొట్టలు చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి గాని ధ్వనికి పెద్ద హాని చెయ్యవు. మౌత్‌పీస్ దగ్గరి సన్న గొట్టంలో చిన్న సొట్ట పడితే మాత్రం స్వరం దెబ్బతింటుంది. వాల్వు నొక్కకుండా దాని పక్క స్లైడు లాగితే 'టప్' మనాలి. ఆ చప్పుడు రాలేదంటే గాలి కారిపోతోందన్నమాట. అన్నిటికన్నా చెడ్డది ఎర్ర మచ్చ. మామూలు ఇత్తడిలో రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. ఊపిరి తేమ, ఎంగిలి లోపల నిలిస్తే జింకు కరిగిపోయి రాగి ఎరుపు మిగులుతుంది. పైన గులాబీ చుక్క కనపడేసరికే లోపల గొట్టం గుల్లబారి ఉంటుంది. బయటివాళ్లు చేసిన సొట్టను కొట్టి సరిచేయవచ్చు. మన ఊపిరే తినేసినదానికి ఆ గొట్టం మార్చడం తప్ప మందు లేదు. ఊదే ముందు నోరు పుక్కిలించడం, ఊదాక నీళ్లు ఒలకబోయడం, వాల్వులకు నూనె, నెలకోసారి గోరువెచ్చటి నీళ్లతో కడగడం. ఇంతే జాగ్రత్త. ఎవరూ చప్పట్లు కొట్టని పనులు.

నవంబరులో మైదానం సీజను అయిపోతుంది. మెలోఫోన్ పెట్టెలోకి పోయి మళ్లీ కచేరీ హార్న్ బయటికి వస్తుంది. అంచు సన్నగా, లోపల గరాటులా లోతుగా ఉండే మౌత్‌పీస్‌కు పెదవులు మళ్లీ అలవాటు పడాలి. కింది స్వరాలకు వేళ్ల పట్టు వేరు. బెల్ మళ్లీ గోడవైపు తిరుగుతుంది. మొదటి రెండు వారాలు మా పిల్ల వాయించినదంతా తప్పులేనట. ఆ మధ్య మా అక్క ఫోన్‌లో "రెండిట్లో ఏది నీకు బాగా వచ్చు?" అని అడిగితే, "ఇప్పుడు ఎడమచెయ్యి నడుస్తోంది అమ్మమ్మా, ఆగస్టులో అడుగు" అందిట.