మోయబడుట సిగ్గు కాదు

ధ్యాన పాఠములు: యెషయా 46:1-4, 2 సమూయేలు 19:31-39, మార్కు 2:1-12



మన చిత్తూరు సీమలో ఏ పల్లెకు పోయినను, పండుముసలివారి మంచము ప్రక్కను కూర్చుండి ప్రార్థింపబోవునప్పుడు తరచుగా వినబడు మాట యొకటి గలదు. “కాలూ చెయ్యీ ఆడతా ఉండంగానే నన్ను తీసుకోని పో దేవుడా, ఎవురికీ బరువు కానీయొద్దు” అని. మన క్రైస్తవ గృహములలోను ఇదే మాట, ఇరుగుపొరుగు హైందవ గృహములలోను ఇదే మాట. ఇందులో వినయమున్నది, బిడ్డలమీది ప్రేమయు నున్నది. వేకువన లేచి కయ్యలో నడుము వంచినవారు, పదిమందికి సంగటి కెలికి పెట్టినవారు, ఇప్పుడు తమకొక చెంబెడు నీళ్లు మరియొకరు తెచ్చి యియ్యవలసి వచ్చెనేయని నొచ్చుకొనుట సహజమే. ఈ ప్రార్థన చేయు అవ్వలను, తాతలను నేను తప్పు పట్టను. అయితే ఈ ప్రార్థన నెరవేరనివారి సంగతి యేమి? కాలు చెయ్యి ఆడక, ఐదేండ్లు పదేండ్లు మంచము పట్టియున్నవారి మొర దేవుడు వినలేదనవలెనా? వారి విశ్వాసమే తక్కువదనవలెనా? మన సంఘములో అట్టివారు లేని వీధి లేదు గనుక, ఈ నెల ఆ ప్రశ్ననే ప్రభువు సన్నిధిని పెట్టుకొందము.

యెషయా గ్రంథము 46వ అధ్యాయము తెరచి చూడుడి. బబులోను కూలుచున్నది. బేలు, నెబో అను దాని దేవతల ప్రతిమలను పశువులమీద కెక్కించి తరలించుచున్నారు. అలసి సొలసిన ఆ మూగజీవములకు అవి మోత యైనవి. ఆపదలో జనులను మోయవలసిన దేవతలను జనులే మోయవలసి వచ్చెను. అట్టి సమయమందు ఇశ్రాయేలు దేవుడు తన ప్రజలతో మాటలాడుచున్నాడు. తల్లి గర్భమునుండి తాను వారిని మోసియున్నాననియు, వారి తలలు నెరసిన దినములలో సహితము ఎత్తుకొను పని మాననని యు, పుట్టించినవాడే భరించుననియు సెలవిచ్చుచున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. పుట్టుక మాట యున్నది, ముదిమి మాట యున్నది. నడిమి వయస్సును పేరుపెట్టి చెప్పలేదు. ఆ కాలమందును మోయువాడు ఆయనే. గాని అప్పుడు మన కాళ్లే మనలను మోయుచున్నవని మనము తలంచుచుందుము. మోకాళ్లు పట్టుకొనిపోయి, చూపు మందగించి, తోడు నడచినవారు ఒక్కరొక్కరుగా సమాధులతోటకు చేరిన తరువాతగదా ఇన్ని దినములు ఎవరు మోసిరో తెలియవచ్చును.

విశ్వాసమును గూర్చి మనము సాధారణముగా మాటలాడు తీరు వేరు. విశ్వాసమును గట్టిగా పట్టుకొనుము, విడువకుము, కాపాడుకొనుము అని బోధించుచుందుము. అది వాక్యానుసారమైన బోధయే. గాని ఎదిగిన కుమారుని మట్టిలో పెట్టి వచ్చిన తల్లి చేతులకు పట్టుండునా? క్యాన్సరు నొప్పితో రాత్రియంతయు మూలిగినవానికి తెల్లవారి కీర్తన పాడ గొంతు వచ్చునా? అట్టివానితో “నీ విశ్వాసమును పట్టుకొనుము” అని మాత్రమే చెప్పి వచ్చినయెడల, అలసిన పశువు వీపున మరియొక మూటను పెట్టినవారమగుదుము. మన బలముచేతను మన ఉత్సాహముచేతను నిలువబెట్టవలసిన దేవుడైతే, ఆయనకును బేలునకును భేదమేమి? సువార్త చెప్పునది యిది: మన పట్టు సడలినప్పుడును ఆయన పట్టు సడలదు.

తిరుపతి ప్రాంతపు పెద్దలకు డోలీ సంగతి తెలియును. 1944లో కొండకు ఘాటురోడ్డు పడకముందు, నడువలేని యాత్రికులను బోయీలు డోలీలలో మోసికొని మెట్లెక్కెడివారు. ఆ యాత్రతో మనకు పని లేదు, ఆ డోలీలో కూర్చున్నవాని స్థితి మాత్రము తలంచుడి. అతడు చేయవలసినది ఒక్కటే: కదలక కూర్చుండుట. చెప్పుటకు అది సులభము. గాని బోయీ కాలు జారునేమోయని గుండె గుబగుబలాడుచుండగా, లోయ ప్రక్కనుండి పోవుచుండగా, మరియొకని భుజముమీద తన బరువంతయు వదలివేయుట ఎంత కష్టమో కూర్చున్నవానికే తెలియును. మన చివరి యేండ్లలో దేవుడు మనకు నేర్పునది ఈ పాఠమే. ఉద్యోగమందును సేద్యమందును నేర్చిన పాఠములన్నిటికంటె ఇది కఠినమైనది. ఎందుకనగా ఇందులో మన ఘనత యేమియు నుండదు.

మన జిల్లాలో ఈ పాఠమును మంచముమీద నేర్చినవారు అనేకులు. 1912లో మదనపల్లెలో తాత్కాలిక వసతులలో మొదలై, 1915లో ఊరి వెలుపల ఆరోగ్యవరమునకు మారిన క్షయ చికిత్సాలయమును మన పెద్దలు శానిటోరియమనియే పిలిచిరి. ఒక్క మిషను మోయలేని పని గనుక పలు మిషనులు కలిసి దానిని స్థాపించినవి. యూనియన్ అను మాట దాని పేరులో చేరుటకు కారణమదే. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి మొదటి ప్రధాన వైద్యుడు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతకు ముందు ఆ రోగమును సూటిగా కొట్టు మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారము, అన్నిటికంటె ముఖ్యముగా పడక, ఇవే చికిత్స. పుండుపడిన ఊపిరితిత్తికి విశ్రాంతి దొరకవలెనని, ఇరువది యేండ్ల పడుచువారిని సహితము నెలల తరబడి మంచముమీదనే యుంచెడివారు. ఇంటివద్ద సంపాదించి పెట్టవలసినవాడు, పసిబిడ్డను విడిచి వచ్చిన తల్లి, అందరికిని ఒకే ఆజ్ఞ: పడుకొనుము. పని చేయకుండుటయే అక్కడి పని. వారందరును బాగుపడి యింటికి చేరలేదు. గాని మంచము దిగని దినములు దేవుని యెదుట వ్యర్థమైన దినములని వారిలో విశ్వాసులైనవారు ఎంచలేదు. మనమును ఎంచకూడదు.

వేలూరు మనకు కూతవేటు దూరములోనే యున్నది. ఆర్కాటు మిషను నాటినుండి చిత్తూరు, పలమనేరు, మదనపల్లె సంఘములకు అది పుట్టిల్లు వంటిది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ అను కేరళ దేశపు యువతి యుండెను. 1954లో ఒక వాహన ప్రమాదమందు ఆమె వెన్నెముక దెబ్బతిని, నడుము దిగువ భాగము చచ్చుపడెను. తరువాత ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసినది. 1966లో వేలూరులో అంగవికలుల పునరావాస కేంద్రము ఏర్పడుటకు ఆమెయే మూలము. ఈ చరిత్రను చెప్పునప్పుడు మనము వెంటనే ఆ శస్త్రచికిత్సల యొద్దకు పరుగెత్తుదుము. నేను అంతకు ముందటి దినములను తలంచుచున్నాను. నడుము పడిపోయినవారికి పడకపుండ్లు పడకుండ రాత్రింబగళ్లు ఇతరులే ఒత్తిగిలజేయవలెను. ఎత్తుటకును దించుటకును ఇతరుల చేతులే కావలెను. నిన్నటివరకు రోగులను ముట్టి చూచిన వైద్యురాలు, ఇప్పుడు తన దేహమును పరుల చేతుల కప్పగింపవలెను. కుర్చీలోనుండి ఆమె చేసిన సేవకు ముందు ఈ అప్పగింత యున్నది. అందరికిని ఆమెకు దొరకినట్టి పని దొరకదు. మంచములోనుండి మంచములోనే ప్రభువునొద్దకు పోవువారే యెక్కువ. వారు తక్కువవారు కారు.

బర్జిల్లయి అను వృద్ధుని మీరు ఎరుగుదురు. దావీదు కుమారునికి భయపడి పారిపోయినప్పుడు పరుపులు, పాత్రలు, గోధుమలు, చిక్కుడుకాయలు, తేనె మొదలగువాటిని తెచ్చి ఆదుకొన్నవారిలో నొకడు. రాజు తిరిగి వచ్చునప్పుడు, యెరూషలేమునకు రమ్ము, నిన్ను పోషింతునని పిలిచెను. అప్పటికి బర్జిల్లయికి ఎనుబది యేండ్లు. అన్నపు రుచి తెలియదనియు, పాటకుల పాట చెవికి వినబడదనియు, రాజునకు తానెందుకు భారముగా నుండవలెననియు అతడు బదులు చెప్పెను. మన అవ్వాతాతల మాటయే గదా! అతడు యెరూషలేమునకు పోకుండుట సరియేయని నా తలంపు. తల్లిదండ్రుల సమాధులున్న తన ఊరిలోనే కన్నుమూయవలెనని అతడు కోరెను. బెంగుళూరు మేడలో ఆరవ అంతస్తున కూర్చుండబెట్టి, బంగారుపళ్లెములో పెట్టినను, పుట్టిన ఊరి వేపచెట్టు నీడ దొరకదు. ఈ మాటను బిడ్డలు వినవలెను. గాని తాను భారమన్న మాటను దావీదు ఒప్పుకొనలేదు. అతని ముద్దు పెట్టుకొని దీవించి పంపెను. మరణకాలమందు సహితము, బర్జిల్లయి కుమారులను తన బల్లయొద్ద భుజింపనిమ్మని సొలొమోనునకు ఆజ్ఞాపించెను. ఒకప్పుడు మోసినవానిని మోయుట భారము కాదు, బాకీయు కాదు. దానికి ప్రేమయని పేరు.

మన ప్రభువుకూడ మోయబడినవాడే. సర్వలోకపు పాపమును మోయుచున్న ఆయన, సిలువ మ్రానును మోయలేక తూలినప్పుడు, పొలమునుండి వచ్చుచున్న కురేనీయుడైన సీమోను దానిని ఎత్తుకొనెను. ప్రభువు వలదనలేదు. ఆ సిలువమీదనుండియే, అంత బాధలోను, తన తల్లిని ప్రియశిష్యుని కప్పగించెను. తల్లి ముదిమిని గూర్చి ఆలోచించుట పరలోక కార్యములకు అడ్డమని ఆయన తలంపలేదు.

దుఃఖమును గూర్చియు ఒక మాట. చావు జరిగిన యింటికి పోయి, “దేవుడు తన తోటలోనికి మంచి పువ్వును కోసికొన్నాడు” అని చెప్పుట మనలో వాడుకయైనది. దయచేసి ఆ మాట మానుడి. మంచి పువ్వైతే నా చెట్టున నుండనియ్యరాదా యని ఆ తల్లి హృదయము అడుగును. లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు ప్రభువు అతని సమాధియొద్ద కన్నీరు విడిచెను. లేపుదుననుటచేత ఏడ్పు అక్కరలేదని మరియతో చెప్పలేదు. యోబు స్నేహితులు ఏడు దినములు నేలను కూర్చుండి మౌనముగా నున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిరి. ప్రార్థన రాని విధవరాలికి ప్రార్థన నేర్పబోకుడి. ఆమె ప్రక్కను కూర్చుండి మీరు ప్రార్థింపుడి. మాటలు రానప్పుడు ఆత్మ తానే మూలుగులతో విజ్ఞాపన చేయునని రోమా 8:26లో అపొస్తలుడు వ్రాయలేదా? ఆమె ప్రార్థనకూడ మోయబడుచున్నది.

ఇక కపెర్నహూములోని పక్షవాతరోగి సంగతి. నలుగురు అతనిని మోసికొని వచ్చి, పైకప్పు విప్పి దింపిరి. యేసు వారి విశ్వాసము చూచెనని మార్కు వ్రాయుచున్నాడు. రోగి ఒక్కనిది కాదు, వారిది. పరుపుమీద నున్నవాడు నోరు తెరచి ఒక్క మాటయైన అడిగినట్టు లేదు. ఒకరి విశ్వాసము నీరసించిన దినమున నలుగురి విశ్వాసము అతనిని ప్రభువు పాదములయొద్దకు చేర్చగలదు. సంఘమనగా ఇదే.

అక్కడ మోసినవారు నలుగురు. మన యిండ్లలో ఎందరు? కుమారుడు కువైటులో, కుమార్తె చెన్నపట్నములో. డబ్బు వచ్చును, ఫోనులో ముఖము కనబడును, అవియు మంచివే. గాని అర్ధరాత్రి తడిసిన దుప్పటి మార్చునది ఒక్క కోడలు. పరుపు నాలుగు మూలలను ఆమె ఒక్కతెయే పట్టుకొనియున్నది. ఆమె నడుము వంగిపోయినది, సంవత్సరమునుండి ఆమె గుడికి రాలేదు, ఆమెకు భక్తి తగ్గినదని మనము గుసగుసలాడుచున్నాము! మోయువారిని మోయవలసిన పని మనదే. ఆదివారము ఉదయము రెండు గంటలసేపు ఆ అవ్వ ప్రక్కను మరియొకరు కూర్చుండినయెడల ఆ కోడలు ఆరాధనకు రాగలదు. స్త్రీల మైత్రివారు వంతులు వేసికొనిన ఇది జరుగని పని కాదు. యౌవనస్థులు క్రిస్మసు పాటలు పాడుటకు మాత్రమే గాక, మంచము ఎత్తి నీడలో వేయుటకును, మందు తెచ్చియిచ్చుటకును ఆ గడప తొక్కవలెను.

మంచము పట్టిన పెద్దలారా, ఈ పత్రికను మీకు ఎవరైన చదివి వినిపించుచుండవచ్చును. ఎవరైన మీకు అన్నము కలిపి పెట్ట వచ్చినప్పుడు సిగ్గుపడి ముఖము త్రిప్పుకొనకుడి. ప్రభువు సీమోనును ఒప్పుకొనినట్లు మీరును ఒప్పుకొనుడి. గుడికి రాలేకున్న వారి యిండ్లకు అయ్యగారు రొట్టెను ద్రాక్షారసమును తెచ్చి ప్రభురాత్రి భోజన సంస్కారము నిచ్చుటకు సిద్ధముగా నున్నారు. కావలసినవారి పేర్లను, వీధిని సంఘపెద్దలకు తెలుపుడి. ఇల్లు ఇరుకైనదనియు, దుప్పటి మాసినదనియు సంకోచింపవలదు. వాకిట వేపచెట్టు క్రింద మంచము వేసియుంచిన చాలును. ఇరుగుపొరుగు విశ్వాసులు నలుగురు అక్కడికే వచ్చి మీతో కూడ బల్లలో పాలుపొందుదురు.